షోలాపురంలో పచ్చబొట్టు

పోయిన సంక్రాంతికి మేము ముగ్గురమూ ముంబయి నుండి షోలాపురం వెళ్ళి వచ్చినాము. సిద్ధేశ్వరుని జాతర చూడబోతున్నామని ఆఫీసులోనూ, ఇరుగుపొరుగుతోనూ చెప్పినాము. జాతర చూచిన మాట నిజమే గాని, పోయిన పని అది కాదు. మా అమ్మాయి చేతిమీద పచ్చబొట్టు పొడిపించడానికి పోయినాము. ఈ సంగతి నలుగురిలో చెప్పడానికి అప్పుడు కొంచెం సిగ్గుపడినాము. ఇప్పుడు ఆ సిగ్గు లేదు. పైగా, నొప్పి ఎంత, దానిని ఎలా ఓర్చుకొన్నాము, ఎక్కడ పొరపాటు చేయబోయి తప్పించుకొన్నాము అనేవి వ్రాస్తే ఎదిగిన పిల్లలున్న ఇండ్లలో పనికివస్తుందని తోచి ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

మా అమ్మ నిరుడు శ్రావణమాసంలో పోయింది. ఆమె కుడి ముంజేతి లోపలివైపు, మణికట్టుకు కొంచెం పైన, ఒక తులసికోట పచ్చబొట్టు ఉండేది. కోట చుట్టూ చుక్కలు. మనం పచ్చబొట్టు అనేదానినే మరాఠీవారు గోందణ్ అంటారు, కన్నడిగులు హచ్చె అంటారు, తమిళులు పచ్చై అంటారు. పేరేదైనా ఆ తరం ఆడవారి చేతులన్నిటిమీదా ఏదో ఒకటి కనిపించేది. చచ్చిన తరువాత వెంట వచ్చేది అదొక్కటే, తక్కిన సొమ్ములన్నీ ఇక్కడే వదిలి పోవలసినవే అని మా అమ్మ అంటుండేది. చిన్నప్పుడు మా అమ్మాయి అన్నం తినేటప్పుడు ఆ చుక్కలను వేలితో లెక్కపెడుతూ ముద్దలు మింగేది.

సంవత్సరీకం దగ్గరపడిన రోజులలో ఒకనాడు అమ్మాయి, “నాయనమ్మ చేతిమీది బొట్టు నేను పొడిపించుకొంటాను” అన్నది. ఆమెకు ఇరువది రెండేండ్లు, ఉద్యోగం చేసుకొంటున్నది. వద్దనే హక్కు మాకు ఎంతవరకు ఉన్నదో తెలియక ఊరుకొన్నాము. తీరా బొమ్మ గీయబోతే చిక్కు వచ్చిపడింది. ఇంట్లో ఉన్న ఫొటోలన్నిటిలోనూ అమ్మ చేతిని కొంగు కప్పివేసింది. చుక్కలు మూడని మాలో ఒకరు, నాలుగని మరొకరు. మూడన్నది ఎవరో కాదు, కన్నకొడుకే. నలుబదియైదేండ్లు ఆ చేతి అన్నం తిని, ఆ చేతిమీద చుక్కలెన్నో చెప్పలేకపోయినందుకు ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు మా ఇంటావిడకు చిన్నమ్మ గుర్తుకు వచ్చింది. మా అమ్మకు చెల్లెలు. షోలాపురంలోనే పుట్టి, అక్కడే మెట్టి, ఇప్పటికి ఎనుబది దాటిన మనిషి. అక్కాచెల్లెండ్లిద్దరికీ ఒకేనాడు, ఒకే ఆమె, ఒకే బొమ్మ పొడిచిందని మా అమ్మ చెప్పగా విన్నాము. చిన్నమ్మ చేయి చూస్తే తీరిపోతుంది గదా అని సంక్రాంతికి టిక్కెట్లు తీసినాము.

ముంబయి నుండి షోలాపురం సుమారు 450 కిలోమీటర్లు. 2023 నుండి పగటిపూట వందే భారత్ బండి కూడా నడుస్తున్నది గాని, మా బోటివారికి రాత్రి ఎక్కి తెల్లవారి దిగే సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్సే అలవాటు. పుణె, దౌండ్, కుర్డువాడి దాటి తెల్లవారుజామున దిగేసరికి చలి ఒణికిస్తున్నది. స్టేషను బయట రిక్షావాడు మమ్మల్ని చూడగానే తెలుగులో పలకరించినాడు. ఈ ఊరిలో అది వింత కాదు. 1877లో ఇక్కడ మొదటి నూలుమిల్లు పెట్టిన నాటినుండీ, అంతకు ముందు చేతిమగ్గాల కాలంనుండీ, తెలంగాణ జిల్లాల పద్మశాలి కుటుంబాలు వచ్చి స్థిరపడుతూనే ఉన్నాయి. ఊరి తూర్పు పేటలలోకి అడుగుపెడితే దుకాణాల బోర్డులు మరాఠీలో ఉంటాయి, బేరాలు తెలుగులో జరుగుతాయి. షోలాపురం దుప్పటి కప్పుకోని తెలుగిల్లు మహారాష్ట్రలో ఉన్నదా?

చిన్నమ్మ ఇల్లు అశోక్ చౌక్ దాటిన తరువాత ఒక సందులో ఉన్నది. ప్రక్క ఇంట్లో సాంచాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడులో మాట్లాడాలంటే మాకు గొంతు పెంచవలసి వచ్చింది. చిన్నమ్మ మాత్రం మామూలుగానే మాట్లాడుతుంది, మామూలుగానే వింటుంది. నలుబదియేండ్లకు పైగా బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. తునికాకు కత్తిరించి కత్తిరించి వేళ్ళ కొసలు గట్టిపడి ఉన్నాయి. జొన్నరొట్టె, పల్లీల పొడి, పెరుగు పెట్టి, మేము తినేదాకా ఏమీ అడగనివ్వలేదు. తిన్న తరువాత చేయి చాచింది.

తోలు ముడుతలు పడినా తులసికోట స్పష్టంగానే ఉన్నది. చుక్కలు మూడు. మేము గెలిచినామనుకొన్నాము. అమ్మాయి ముఖం చిన్నబోయింది.

చిన్నమ్మ నవ్వి, “నాలుగోది లేదు బిడ్డా. మీ నాయనమ్మకు నాలుగున్నయి. నాకే మూడు” అన్నది.

అప్పుడు అక్కకు పదకొండేండ్లు, చెల్లెలికి ఎనిమిది. సందులోకి గోందణ్ పొడిచే ఆమె వచ్చింది. దీపపు మసిని ఆముదంలో కలిపి, మూడు సూదులను దారంతో కట్టి, అరుగుమీద కూర్చున్నది. అక్క ముందు కూర్చున్నది. నొప్పి మరపించడానికి ఆ పొడిచే ఆమె ఏదో పాట పాడుతూ పని చేసింది. అక్క ఏడ్వలేదు.

“నేను బెదురుతనని పండ్లు కొరుక్కొని కూసున్నది. గని నేను నెత్తురు చూస్తి. ఉరుకబోతే ముగ్గురు వట్టుకున్నరు. అమ్మ చేతులు వట్టె, ఇద్దరు కాళ్ళు వట్టిరి. మూడో చుక్క కాడ ఆమె చేతిని కొరికి ఉరికిన. మళ్ళ దొరుకలేదు.” కొంచెం సేపు ఊరుకొని, “సూది నొప్పి యాదికి లేదు కొడుకా. వట్టుకున్నదే యాదికున్నది” అన్నది.

ఈ మాట మా మనసులో పడిపోయింది. తరువాత జరిగినదంతా ఈ మాటచుట్టూనే తిరిగింది.

సాయంత్రం జాతరకు పోయినాము. పండ్రెండవ శతాబ్దంలో ఇక్కడ తపస్సు చేసి, చెరువు త్రవ్వించి, ఊరిచుట్టూ అరువదియెనిమిది లింగాలను ప్రతిష్ఠించిన సిద్ధరామేశ్వరుని పేర జరిగే ఉత్సవమిది. ఒక కుమ్మరికన్య స్వామిని వరిస్తానని పట్టుపట్టగా, తాను యోగిననీ, తన యోగదండాన్ని పెండ్లాడవచ్చుననీ ఆయన సెలవిచ్చినాడట. ఆ పెండ్లే ఇప్పటికీ ఏటేటా జరుగుతుంది. నందిధ్వజాలని పిలిచే ఏడు పొడుగాటి కఱ్ఱలను అలంకరించి, తెల్లని బారాబందీలు తొడుక్కొన్న మగవారు మోసుకువస్తారు. సమ్మతికట్ట దగ్గర మంగళాష్టకాలు చదవగానే వేలమంది ఒక్కసారి అక్షతలు చల్లుతారు. ఊరివారికి అది తమ ఇంటి పెండ్లే.

గుడికి చుట్టూ చెరువు, ప్రక్కన కోట, ఇవతల హోమ్ మైదానం. ఆ మైదానంలో గాజులు, బొమ్మలు, రంగులరాట్నాలు, మిరపకాయ బజ్జీలు. ఒక మూల నేలమీద పట్టా పరచుకొని పచ్చబొట్టు పొడిచేవాడు కూర్చున్నాడు. సూదులు దారంతో కట్టే కాలం పోయింది. చేతిలో బ్యాటరీతో నడిచే మిషను. ముందర బొమ్మల అట్ట: త్రిశూలం, నెమలి, గుండెకాయ, ఓంకారం. పేరుకు ఇంత, బొమ్మకు ఇంత అని ధర. ఒక కుఱ్ఱవాని ముంజేతిమీద పేరు పొడిచి, గుడ్డతో తుడిచి, అదే సూదిని అదే రంగుగిన్నెలో ముంచి, తరువాతివాని చేయి అందుకొన్నాడు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పట్టలేదు.

నిజం చెప్పాలంటే ఆ ధర విని మాలో ఒకరికి ఆశ పుట్టింది. జీతం లెక్క చూచుకొనేవారికి అలాటి ఆశలు పుడుతూనే ఉంటాయి. “ఇక్కడే కానిద్దామా, చిన్న బొమ్మే గదా?” అన్నాము. మా ఇంటావిడ మిషనువాని దగ్గరకు పోయి, “సూది మార్చవా?” అని మరాఠీలో అడిగింది. వేడినీళ్ళలో కడుగుతానన్నాడు. ఆ నీళ్ళు ఎక్కడ అన్నది. వాడు చూపిన చెంబులోని నీళ్ళు చల్లగా, నల్లగా ఉన్నాయి.

దారిలో ఆమె మాతో అన్న మాట ఇది: “నొప్పి ఒక పూట ఉంటుంది, పోతుంది. ఆ సూదినుండి వచ్చేది పోదు.” ఆమె చెప్పినది అక్షరాలా నిజం. ఒకరి నెత్తురు అంటిన సూది మరొకరి చర్మంలో దిగితే కామెర్ల జబ్బు తెచ్చే హెపటైటిస్ బి, సి క్రిములు, హెచ్.ఐ.వి. కూడా సంక్రమించగలవు. సూది ఒక్కటే మార్చితే చాలదు. ముంచిన రంగు కూడా పారవేయవలసిందే. పొడిపించుకొనేవారు ఎంతసేపూ నొప్పిని గురించే భయపడతారు గాని, భయపడవలసినది ఆ గిన్నెను చూచి.

మరునాడు చిన్నమ్మ ఇంటిప్రక్క కుఱ్ఱవాడు ఊరిలో ఒక దుకాణం చూపించినాడు. పొడిచే అబ్బాయి ముప్పదేండ్లలోపువాడు, తెలుగువాడే. తండ్రి సాంచాలమీద పని చేస్తాడట. తులసికోట అనగానే అర్థం చేసుకొన్నాడు. కాని ఆ రోజు పని చేయనన్నాడు. “రాత్రి నిద్ర పోయినావా అక్కా? ఏమైనా తిన్నావా?” అని అమ్మాయిని అడిగినాడు. జాతర సందడిలో నిద్ర లేదు. ఉదయం నుండి చాయి తప్ప కడుపులో ఏమీ లేదు. “రేపు రా. కడుపునిండా తిని, నీళ్ళు బాగా తాగి రా” అన్నాడు. చక్కెరజబ్బు ఉన్నదా, నెత్తురు పలుచబడే మందులు వాడుతున్నావా, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బెత్తుగా లేచే చర్మమా, సూది చూస్తే కళ్ళు తిరుగుతాయా అని కూడా అడిగినాడు. ఇందులో దేనికైనా అవునన్నవారు ముందుగా డాక్టరును అడిగి రావలెనట. నొప్పి తగ్గుతుందని ఆస్పిరిన్ వేసుకోరాదన్నాడు, నెత్తురు త్వరగా గడ్డకట్టదు గనుక. ధైర్యానికని మద్యం పుచ్చుకొని వచ్చేవారిని అతడు కూర్చోనివ్వడట.

అమ్మాయి మొద్దుబార్చే క్రీముల సంగతి ఎత్తింది. ఇంత చిన్న బొమ్మకు అక్కరలేదన్నాడు. అది మంచిమాటే. చర్మాన్ని మొద్దుబార్చే లిడోకేన్ మందు నూటికి నాలుగు పాళ్ళకు మించి కలిపిన క్రీములు అంగళ్ళలో అమ్మకూడదని, గుండె లయ తప్పడం, మూర్ఛ వంటి ప్రమాదాలు కలుగుతాయని 2024 మార్చిలో అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరించింది. పచ్చబొట్టు కోసమని దళసరిగా పూసి, పైన ప్లాస్టిక్ చుట్టి గంటలకొద్దీ ఉంచడం మరీ అపాయం. వాడదలచినవారు డాక్టరును అడిగి వాడవలె.

అన్నిటికన్న ముఖ్యమైన మాట చివర చెప్పినాడు. “నొప్పి ఎక్కువైతే ఎడమచేతి చూపుడువేలు ఎత్తు. మాట్లాడనక్కరలేదు. ఆ క్షణాన ఆపేస్తాను. ఎన్నిసార్లు ఎత్తినా సరే.”

ఆ సాయంత్రం చిన్నమ్మ చేతిమీద పలుచని కాగితం పరచి, అమ్మాయి పెన్సిలుతో తులసికోట దించుకొన్నది. మూడు చుక్కలు పెట్టి, నాలుగవది ఎక్కడ అని అడిగింది. చిన్నమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకొని, వేలు కదిపి కదిపి, మణికట్టు వైపున ఒక చోట ఆపింది. “ఈడ. అక్కకు ఈడ ఉండె.” కాగితంమీద గుండ్రంగా గుర్తు పడింది. రాత్రి అందరమూ పెందలాడే పడుకొన్నాము.

మూడవనాడు నలుగురమూ బయలుదేరినాము. రావద్దంటే చిన్నమ్మ వినలేదు. అమ్మాయి చేత రెండు రొట్టెలు, నువ్వులు వేసిన చిక్కుడు వంకాయ కూర తినిపించింది. సంచిలో తిళగూళ్ ఉండలు వేసుకొన్నది. ఈ హడావిడిలో మాలో ఒకరు ఏమీ తినలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

అబ్బాయి చేతులు కడుగుకొని తొడుగులు వేసుకొన్నాడు. మూసి ఉన్న పొట్లం మా కళ్ళముందు చించి కొత్త సూది తీసినాడు. వేలెడంత ప్లాస్టిక్ మూతలో రంగు పోసినాడు; మిగిలినది పారవేస్తాడట. కొత్త బ్లేడుతో నూగు తీసి, చర్మం శుభ్రం చేసి, కాగితం మీది బొమ్మను చేతిమీద అచ్చు దించి, అద్దంలో చూపించినాడు. పని మొదలుపెట్టే ముందు ఒక్క చిన్న గీత గీసి, “ఇంతే. ఇంతకన్న ఎక్కువ ఉండదు, మణికట్టు దగ్గర తప్ప” అన్నాడు.

ఇలాటి విద్యుత్ మిషనుకు మొదటి పేటెంటు 1891లో న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ అనే ఆయన పొందినాడు. ఎడిసన్ కనిపెట్టిన విద్యుత్ కలమే దానికి మూలం. క్షణానికి పదులసార్లు సూది దిగి లేస్తుంది. పై చర్మం ఎప్పటికప్పుడు రాలిపోతూ కొత్తది వస్తుంటుంది గనుక అక్కడ రంగు నిలువదు. దాని క్రిందిపొరలో, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున పడితేనే నిలుస్తుంది. నరాల కొసలు ఉండేది కూడా అక్కడే, నొప్పి అందుకే. కండ ఎక్కువగా ఉన్న భుజం వెలుపలివైపు, పిక్కల మీద నొప్పి తక్కువ. ఎముకకు దగ్గరగా చర్మం పలుచగా ఉన్న ప్రక్కటెముకలు, చీలమండ, పాదం పైభాగం, మోచేతి మడత, మణికట్టు లోపలివైపు ఎక్కువ. మసి నల్లగా ఉన్నా చర్మం లోపలినుండి వెలుగు వచ్చేసరికి నీలికలిసిన పచ్చగా కనిపిస్తుంది. మనవారు పచ్చబొట్టు అని పేరు పెట్టడం ఎంత చక్కని చూపు!

మొదటి గీతకు అమ్మాయి పెదవి కొరుక్కొన్నది, ఊపిరి బిగబట్టింది. అబ్బాయి చేయి తీసి, “ఊపిరి బిగబడితే ఒళ్ళు బిగుసుకొంటుంది. ఒళ్ళు బిగుసుకొంటే నొప్పి పెరుగుతుంది. మెల్లగా తీసుకొని, అంతకన్న మెల్లగా వదులు” అన్నాడు. అలా చేయగా నాలుగైదు ఊపిరులకు భుజాలు దిగినాయి. మా ఇంటావిడ కబుర్లలో పెట్టింది. చిన్నమ్మ ఎడమచేయి పట్టుకొన్నది, వేలు ఎత్తడానికి వీలుగా, వదులుగా. ఎండలో కమిలిన చోట గోటితో గీరినట్లున్నదని అమ్మాయి చెప్పింది. గీతలు పదునుగా ఉంటాయి, నింపడం మంటగా ఉంటుంది. పది నిమిషాలు గడిస్తే శరీరమే కొంత సర్దుకొంటుంది.

ఇక్కడ ఒక అవాంతరం. సూది చప్పుడు వింటూ, తుడిచిన కాగితంమీద ఎఱ్ఱని మరకలు చూస్తూ నిలబడిన మాలో ఒకరికి, అనగా ఈ వ్యాసం వ్రాసే మనిషికి, చెవులలో గుయ్యిమన్నది, చెమట పట్టింది, గది వంకరగా తిరిగింది. కళ్ళు తెరిచేసరికి నేలమీద ఉన్నాము, కాళ్ళు స్టూలుమీద ఉన్నాయి, నోటిలో తిళగూళ్ ఉన్నది. పొడిపించుకొనే పిల్ల కుర్చీలో నవ్వుతున్నది! ఖాళీకడుపుతో నెత్తురు చూస్తే కొందరికి రక్తపోటు ఒక్కసారి పడిపోతుందనీ, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా పెడితే క్షణాలలో తేరుకొంటారనీ ఆ అబ్బాయి చెప్పినాడు. కళ్ళు తిరిగేట్లు అనిపించగానే కూర్చోవడమో, పడుకోవడమో చేయవలె. మావలె పరువుకు పోయి నిలబడకూడదు. తోడు పోయేవారు కూడా తిని పోవలె.

కోట అయింది. రెండు చుక్కలయినాయి. మూడవది మణికట్టు వైపు పడింది. అది పూర్తవుతుండగా అమ్మాయి ముఖం తెల్లబోయింది. వేలు లేచింది.

మిషను ఆగింది. సాంచాల చప్పుడు ఆగినప్పటివలె గది ఒక్కసారి నిశ్శబ్దమయింది. అబ్బాయి సూది ప్రక్కన పెట్టి, వెనుకకు జరిగి కూర్చున్నాడు. ఇంకెంతసేపని అడుగలేదు, ఒక్క చుక్కే గదా అని అనలేదు. అమ్మాయి కళ్ళు మూసుకొని ఊపిరి తీసుకొంటున్నది. మా ఇంటావిడ నీళ్ళిచ్చింది.

చిన్నమ్మ మాత్రం ఆ అబ్బాయి వైపే చూస్తున్నది. “ఆపుమంటే ఆపుతరా?” అన్నది. తనలో తాను అనుకొన్నట్లు, “మాకు గా మాట ఉన్నదని తెల్వది” అన్నది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. డెబ్బదియేండ్ల క్రితపు సంగతి. ముగ్గురు పట్టుకొన్నది, కొరికి పారిపోయినది, తరువాత దొరకకుండా నాలుగు రోజులు చుట్టాల ఇంట దాగినది. ఎవరూ చెడ్డవారు కారు. పిల్ల మంచి కోరినవారే. అడగాలని ఎవరికీ తోచలేదు, అంతే.

అమ్మాయి కళ్ళు తెరిచి, “నాయనమ్మా, మూడుతో ఆపేయనా? నీ చేయిలాగే ఉంటుంది” అన్నది. హాస్యానికి అన్నదో, నిజంగా అడిగిందో మాకు తెలియలేదు.

“నీ ఇష్టం బిడ్డా. మూడు నావి, నాలుగు అక్కవి. రెండూ మన ఇంటివే” అన్నది చిన్నమ్మ, తిళగూళ్ ఉండ ఆమె నోటిలో పెట్టి.

ఐదు నిమిషాలు గడిచినాయి. ఎవరమూ ఏమీ అనలేదు. తల్లిదండ్రులకు నోరు మూసుకొని కూర్చోవడం కూడా ఒక నొప్పే. పిమ్మట అమ్మాయి తనంత తానే చేయి చాచి, “కానివ్వండి” అన్నది. నాలుగవ చుక్క పూర్తికావడానికి నిమిషం పట్టలేదు. ఆ చుక్కే అన్నిటికన్న తక్కువ నొప్పిపెట్టిందని తరువాత చెప్పింది. సూది అదే, చోటు ఇంకా సున్నితమైనది. మారినదల్లా, ఆపమంటే ఆగుతుందన్న నమ్మకం మాత్రమే. మొత్తం పని ముప్పావుగంట.

ఇంటికి రాగానే చిన్నమ్మ పసుపు నూరి తెచ్చింది. వెనుకటి రోజులలో పొడిచిన వెంటనే పసుపు పట్టించేవారు. తన చేతికి పసుపు పెట్టినా వారం రోజులు వాచి జ్వరం వచ్చిందని చెప్పినదీ ఆమే. పచ్చిపుండుమీద ఏ పొడీ వేయవద్దని అబ్బాయి చెప్పినాడని అంటే ముఖం ముడుచుకొన్నది. చివరకు ఆ పసుపుతో అమ్మాయి నుదుట బొట్టు పెట్టి సమాధానపడింది.

తరువాతి జాగ్రత్తలు పెద్దవి కావు, మరువరానివి. చేతులు కడుగుకొన్న తరువాతే దానిని తాకవలె. రోజుకు రెండు మూడుసార్లు ఘాటులేని సబ్బుతో, గోరువెచ్చని నీళ్ళతో కడిగి, శుభ్రమైన మెత్తని గుడ్డతో అద్ది, చెప్పిన మందు పలుచగా రాయవలె. పక్కు కట్టినప్పుడు దురద పెడుతుంది, గోకకూడదు, గిల్లకూడదు. రెండు మూడు వారాలదాకా చెరువు, నది, ఈతకొలను స్నానాలు కూడవు, ఎండ తగలనివ్వరాదు. మొదటి రెండు రోజులు మంట, కొద్దిగా వాపు సహజమే. ఎఱ్ఱదనం తగ్గడానికి బదులు పెరుగుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఇంటివైద్యం చేయక డాక్టరు దగ్గరకు పోవలె. ఇంకొక సంగతి: పచ్చబొట్టు పొడిపించుకొన్నవారు మన దేశంలో ఒక సంవత్సరం దాకా రక్తదానం చేయరాదు.

ఆ రాత్రే తిరుగు బండి. సామాను సర్దుకొని బయలుదేరబోతుండగా చిన్నమ్మ అమ్మాయిని దీపం దగ్గరకు పిలిచింది. తన చేయి ఆమె చేతి ప్రక్కన పెట్టి చూచింది. ఒకటి ముడుతలు పడి మసకబారినది, ఒకటి ఇంకా ఎఱ్ఱగా వాచి ఉన్నది. మేము ఫొటో తీసినాము. ఈసారి కొంగు అడ్డు రాలేదు.

చుక్కలను మేము కూడా లెక్కపెట్టినాము. అమ్మాయి చేతిమీద నాలుగు.